పక్కవారి కోసం ఒక వరుస

దసరా వెళ్ళీ వెళ్ళగానే మేడ్చల్, శామీర్‌పేట వైపు మిద్దెల మీద పని మొదలవుతుంది. వానకాలపు బీర, సొర తీగలు ముదిరి ఆకులు పండిపోతాయి. వాటిని తీసేసి, కుండీల్లో మట్టి కుమ్మరించి ఎండబెట్టి, చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి మళ్ళీ నింపుకుంటారు. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే రోజులివి. చిత్త కార్తె నడుస్తుంటుంది, స్వాతి ముందుంటుంది. టమాట, వంకాయ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు పోసుకోవడానికి మన ప్రాంతంలో ఇది మంచి అదను. ఈ అదనులో నాలుగైదు ఇళ్ళవాళ్ళు కూడి నారు, పిలకలు, కొమ్మలు, విత్తనాలు ఇచ్చిపుచ్చుకుంటే ప్రతి ఇంటికీ పది రకాలు చేరతాయి.

ఇది తెలియనివాళ్ళు లేరు. అయినా చాలా కాలనీల్లో మొదటి ఏడాది ఉత్సాహంగా జరుగుతుంది, రెండో ఏడాది సగం మందే వస్తారు, ఆపైన ఎవరూ తలపెట్టరు. కారణం వెతికితే మనుషుల మధ్య గొడవలేమీ కనబడవు. మొక్కల్లో కనబడుతుంది. చాలామంది తమ కుండీలు నిండాక మిగిలిన నారు పట్టుకొస్తారు. అప్పటికి ఆ నారుకు నెలన్నర దాటి ఉంటుంది. కాడ సన్నగా సాగి, కింది ఆకులు పసుపెక్కి, వేళ్ళు గుంట చుట్టూ తిరిగి గట్టి ఉండలా చుట్టుకుని ఉంటాయి. దాన్ని తీసుకెళ్ళి నాటినవాళ్ళకు నాలుగు పూలు, రెండు కాయలు. లోపం నారులో ఉందని వాళ్ళకు తెలియదు. తమ చెయ్యి మంచిది కాదేమో అనుకుంటారు. కొత్తగా మొక్కలు పెంచడం మొదలుపెట్టిన ఒక మనిషి అక్కడితో ఆగిపోతారు.

కాబట్టి ఈ అధ్యాయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. పక్కవారికి ఇచ్చే నారు వాళ్ళ కోసమే పోసినదై ఉండాలి. మీరు విత్తనం వేసే రోజునే వాళ్ళ వంతు విత్తనం కూడా పడాలి. మిగతావన్నీ, ఎప్పుడు కలవాలి, ఏం తేవాలి, ఎలా మాట్లాడాలి అన్నవి, ఈ ఒక్క పని చేసినవాళ్ళకు వాటంతట అవే అర్థమవుతూ వస్తాయి.

మధ్య వరుస

కూరగాయల నారుకు మనం ఎక్కువగా వాడే ప్రోట్రేలో 98 గుంటలుంటాయి. పొడుగున 14, వెడల్పున 7. అందులో ఒక పొడుగు వరుసను పక్కవారి పేరున వదలండి. 14 విత్తనాల్లో రెండు మొలవకపోయినా 12 మొక్కలు చేతికొస్తాయి. కుండీకి ఒక మొక్క చొప్పున పెట్టుకునే మిద్దెతోటకు ఒక రకంలో మూడు మొక్కలు చాలు. అంటే ఒక్క వరుసతో నాలుగు ఇళ్ళకు టమాట నారు ఇచ్చినట్టే.

ఏ వరుస అన్నది కూడా ముఖ్యమే. చాలామంది చేయి అలవాటుగా అంచు వరుసకు పోతుంది. ప్రోట్రేలో అంచు గుంటలకు గాలి, ఎండ ఎక్కువ తగులుతాయి. కోకోపీట్ అక్కడే ముందు ఆరిపోతుంది. ఒక్క పూట నీళ్ళు ఆలస్యమైతే వాడేది అంచు మొక్కే. పక్కవారి విత్తనం అంచున వేయడమంటే పెళ్ళికి పిలిచిన చుట్టాన్ని గుమ్మం దగ్గర కూర్చోబెట్టడమే. మధ్య వరుస వాళ్ళకివ్వండి. తడి నిలకడగా ఉండి, మొక్కలన్నీ ఒక్క ఎత్తున లేచేది ఆ వరుసలోనే. ఎవరూ చూడని చోట, ఎవరూ అడగని విషయంలో చేసే ఈ చిన్న నిర్ణయం మనిషిలో ఏదో మారుస్తుంది. రోజూ పొద్దున నీళ్ళు చల్లేటప్పుడు కళ్ళు ఆ వరుస మీద పడతాయి. ఎవరికివ్వాలి? కిందటి నెల కింది అంతస్తులోకి అద్దెకొచ్చినవాళ్ళకు మిద్దె మీద చోటుందా? మూడో వీధిలో ఒక్కరే ఉండే పెద్దమ్మకు వంగి నాటే ఓపిక ఉందా, కుండీలోనే నాటి ఇవ్వాలా? మొక్క ఎదిగేలోగా ఇలాంటి ప్రశ్నలతో మీరు నలుగురి గురించి ఆలోచించి ఉంటారు.

మన వైపు దీని అవసరం చాలా ఉంది. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. అంతకు ముందే ఈ ఊళ్ళ రూపురేఖలు మారిపోయాయి. ఒకప్పుడు ద్రాక్షతోటలు, కూరగాయల చేలు ఉన్న నేలలో వెంచర్లు, అపార్టుమెంట్లు, విల్లాలు లేచాయి. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు, కొంపల్లి దాటి ఇల్లు కట్టుకున్నవాళ్ళు, పిల్లల చదువుల కోసం కరీంనగర్, నిజామాబాద్, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఒకే గేటు లోపల ఉంటారు. పక్క ఫ్లాటువాళ్ళ పేరు తెలియకుండానే ఏళ్ళు గడిచిపోతాయి. తలుపు తట్టడానికి ఒక కారణం కావాలి. చేతిలో మూడు వంకాయ మొక్కలుంటే ఆ కారణం దొరికినట్టే. "అక్కా, మీ కోసమే పోసిన నారు ఇది" అన్న మాట విని తలుపు వేసుకునే మనిషి ఉండరు.

నారు పోసే పద్ధతి క్లుప్తంగా చెబుతాను. కోకోపీట్ పిండితే నీరు కారనంత తడిగా ఉండాలి. అందులో నాలుగో వంతు వర్మీకంపోస్టు కలపండి. విత్తనం అర సెంటీమీటరు లోతు దాటకూడదు. మొలక కనబడేదాకా పైన పాత గోనెసంచి కప్పి, మొలక తలెత్తిన రోజే తీసేయండి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడ సాగిపోతుంది. నీళ్ళు ఎక్కువైతే నారుకుళ్ళు వస్తుంది, మొదలు దగ్గర కాడ నానినట్టయి మొక్క పడిపోతుంది. జీడిమెట్లలో ఉద్యానశాఖవారి సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో రైతుల కోసం ప్రోట్రేల్లోనే నారు పెంచుతారు. వీలు చూసుకుని ఒకసారి వెళ్ళి చూసి రండి. పుస్తకంలో చదివినదానికంటే ఆ మొక్కల కాడల మందం చూసి ఎక్కువ నేర్చుకుంటారు.

ముందు రోజు కుదుర్చుకోండి, తర్వాత విత్తనం

నారు తయారయ్యాక కలుద్దాం అనుకుంటే ఎవరి నారు ఎప్పుడు తయారవుతుందో తెలియదు. కలిసే రోజు ముందు పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టుకోవాలి. మనకు ఆ రోజు వెతుక్కోవలసిన పని లేదు. కార్తీక మాసం వచ్చిందంటే ఎలాగూ వనభోజనాలకు కదులుతాం. కీసరగుట్టకు వెళ్ళేవాళ్ళుంటారు, శామీర్‌పేట చెరువు వైపు వెళ్ళేవాళ్ళుంటారు, కాలనీ పార్కులోనే ఉసిరి కొమ్మ పెట్టుకుని వండుకునేవాళ్ళూ ఉంటారు. విస్తళ్ళు వేసే చోటికి కాస్త ఎడంగా, నీడలో ఒక చాప పరిస్తే నారు మార్పిడికి వేదిక సిద్ధం. చెట్టు కింద తినడానికి కూడిన మనుషులు మొక్కల గురించి మాట్లాడుకోవడానికి వేరే ఆహ్వానం అక్కర్లేదు. దసరా నాడు జమ్మి ఆకు బంగారమని చేతిలో పెట్టి ఆలింగనం చేసుకునే జనం మనం. ఆకు ఇచ్చిన చేత్తో నెల తిరక్కుండా మొక్క ఇవ్వడం మనకు కొత్త పని కాదు.

నవంబర్ మూడో ఆదివారం కలుస్తున్నామనుకుందాం. ఉల్లి నారుకు 40 నుంచి 45 రోజులు, మిరపకు 35 నుంచి 40 రోజులు పడుతుంది. కాబట్టి ఆ రెండూ అక్టోబర్ మొదటి పది రోజుల్లో పడాలి. వంకాయకు 30 నుంచి 35 రోజులు. అది అక్టోబర్ నడుమ. టమాట, క్యాబేజీ, కాలీఫ్లవర్ 25 నుంచి 30 రోజుల్లో నాటుకు వస్తాయి, అవి అక్టోబర్ 20 ప్రాంతంలో పోస్తే సరిగ్గా అందుతాయి. ఈ లెక్కన నాటిన మొక్కలు డిసెంబర్, జనవరి చలిలో పూతకు వస్తాయి. మార్చి ఎండలు ముదిరి టమాట పూత రాలడం మొదలయ్యేలోగా మంచి కాపు చేతికొస్తుంది. మేడ్చల్, శామీర్‌పేట వైపు బయళ్ళు ఎక్కువ, రాత్రి చలి నగరం నడిబొడ్డు కంటే బాగా దిగుతుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లకు ఇది మేలు.

నాలుగు ఇళ్ళవాళ్ళూ టమాటే తెస్తే మార్పిడి ఏముంది? అందుకే విత్తనం వేసే ముందే ఒక సాయంత్రం కూర్చుని ఒక్కో ఇంటికి ఒక్కో పంట అనుకోండి. ఈ పంపకంలో ఎవరికి ఏది బాగా వస్తుందో తెలిసినవాళ్ళ మాట వినాలి. మిరప మొలకకు ఓపిక కావాలి, అది రోజూ ఇంట్లో ఉండేవాళ్ళకు అప్పగించండి. ఉద్యోగానికి పొద్దున్నే పరుగెత్తేవాళ్ళకు క్యాబేజీ ఇవ్వండి, అది తొందరగా, ఒక్కసారిగా మొలుస్తుంది.

అన్నీ నారుగా ఇచ్చేవి కావని కూడా గుర్తుంచుకోవాలి. ముల్లంగి, క్యారెట్ పీకి నాటితే దుంప కాళ్ళు చీలి వంకరపోతుంది. వాటికి, కొత్తిమీర, మెంతి, పాలకూరలకు విత్తన పొట్లాలే ఇవ్వాలి. సొర, బీర, కాకర, చిక్కుడు వేరు కదిలితే అలుగుతాయి. వాటిని పేపర్ కప్పుల్లో మొలిపించి, రెండు అసలు ఆకులు రాగానే కప్పుతో సహా ఇస్తే, తీసుకున్నవాళ్ళు అడుగు చింపి మట్టితో సహా దించుకుంటారు. ఇక కొమ్మలతో, పిలకలతో వచ్చేవి వేరే. పుదీనా, బచ్చలి, తమలపాకు, కనకాంబరం, నిమ్మగడ్డి ఎవరి దగ్గరో ఒకరి దగ్గర పొంగిపొర్లుతూనే ఉంటాయి. బతుకమ్మకు పూలిచ్చిన బంతిమొక్క ఎండుతుంటే నాలుగు పూలు ఎండబెట్టి రేకుల కింది విత్తనం పొట్లం కట్టండి. దొండ విషయంలో మాత్రం జాగ్రత్త. దొండలో ఆడ తీగ, మగ తీగ వేరువేరు. కాయలు కాస్తున్న తీగ నుంచి పెన్సిల్ మందం కొమ్మ, మూడు నాలుగు కణుపులుండేట్టు కోసి ఇవ్వాలి. కాయలు చూడకుండా ఎక్కడో కంచె మీది తీగ కోసిస్తే అది మగ తీగైతే ఏళ్ళ తరబడి పూస్తూనే ఉంటుంది, కాయ మాత్రం కాయదు.

ఇచ్చే వారం ముందు నుంచి నారుకు నీళ్ళు తగ్గించండి. షేడ్‌నెట్ కింద పెరిగినదైతే రోజుకొక గంట చొప్పున ఎండ పెంచుకుంటూ పోండి. కాడ కాస్త గట్టిపడి, టమాటలో అయితే మొదలు దగ్గర ఊదారంగు తిరుగుతుంది. అలాంటి మొక్క స్కూటర్ మీద పది కిలోమీటర్లు ప్రయాణం చేసినా తల వాల్చదు. ప్రోట్రే గుంటను కింది నుంచి వేలితో నొక్కితే వేళ్ళు అల్లుకున్న కోకోపీట్ ముద్ద విడిపోకుండా పూర్తిగా పైకి వస్తుంది. తెల్లని సన్నటి వేళ్ళు ముద్ద పైన కనబడుతుంటాయి. అదే సరైన వయసు. దాన్ని తడి న్యూస్‌పేపర్‌లో చుట్టి ఇవ్వండి. సాయంత్రం నాలుగు దాటాకే నాటమని చెప్పండి.

ఉన్నది ఉన్నట్టు చెప్పి ఇవ్వడం

మొక్కతో పాటు ఒక చీటీ కట్టాలి. రకం పేరు, విత్తనం వేసిన తేదీ, విత్తనం ఎక్కడిది అన్నవి అందులో ఉండాలి. వీటికంటే ముఖ్యమైనది ఒకటుంది. అది హైబ్రిడ్డా, నాటుదా, లేక అర్కా వికాస్, పూసా రూబీ లాంటి నిలకడ రకమా? హైబ్రిడ్ మొక్క కాయ నుంచి విత్తనం తీసి పోస్తే తర్వాతి తరంలో గుణాలు చీలిపోతాయి, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది. ఆ సంగతి తెలియక ఒకరు ప్రేమగా విత్తనం దాచుకుని మరుసటి ఏడు నిరాశపడతారు. హైబ్రిడ్ ఇవ్వడం తప్పేమీ కాదు. చెప్పకుండా ఇవ్వడమే తప్పు.

మంచి సంగతులు ఎవరైనా చెబుతారు. లోపం చెప్పడానికే నోరు పెగలాలి. "ఈ కుండీల్లో కిందటేడు వేళ్ళకు బుడిపెలు వచ్చాయమ్మా, ఆ మట్టిలోది మాత్రం మీకు ఇవ్వను" అని ఒకరన్నారంటే, ఇక జన్మలో వాళ్ళు చెప్పే మరే మాటనూ మీరు అనుమానించరు. వేరుబుడిపె నులిపురుగులు కంటికి కనబడవు, మట్టితో పాటు ఇంటింటికీ పోతాయి. ఒకసారి కుండీలోకి దిగాయంటే వంకాయ, టమాట, బెండ అన్నిటినీ పట్టుకుంటాయి. కాబట్టి పాత కుండీ నుంచి పిలకలు తీసి ఇచ్చేటప్పుడు మట్టి దులిపి, వేళ్ళు నీళ్ళలో కడిగి, వెలుతురులో పెట్టి చూడండి. చామంతి పిలకైనా, కరివేపాకు పిలకైనా ఇదే పద్ధతి. టమాట, మిరప ఆకు తిరగేసి చూస్తే తెల్లదోమ, తామర పురుగులు కనబడతాయి. ఆకుముడత వైరస్‌ను మోసుకెళ్ళేది ఆ తెల్లదోమే. ముడత ఉన్న మొక్క ఒక్కటి కనబడినా దాన్ని పీకి సంచిలో కట్టి పారేయండి. దాన్ని ఇవ్వడానికి మనసొప్పుతుందేమో గానీ, అది చేరిన మిద్దె మొత్తం పోతుంది.

సొర విత్తనం ఇచ్చేటప్పుడు ఇంకో మాట తప్పక చెప్పాలి. దానంతటదే మొలిచిన తీగల కాయలు ఒక్కోసారి చేదుగా ఉంటాయి. చేదు సొరకాయలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుంది, తింటే తీవ్రంగా జబ్బు పడతారు. చిన్న ముక్క నాలుకకు తగిలించి, చేదనిపిస్తే ఉమ్మేసి, కాయ పారేయాలి. ఆ తీగ విత్తనం ఎవరికీ ఇవ్వకూడదు. బీర పక్కన నేతిబీర పూసిన తోటలోని విత్తనం కూడా అలాగే చెప్పి ఇవ్వాలి, రెండూ కలిసి తేడా కాయలు రావచ్చు.

తీసుకునేవాళ్ళకూ ఒక బాధ్యత ఉంది. ఎంత దగ్గరివాళ్ళు ఇచ్చినా కొత్త మొక్కను పది రోజులు మిగతా కుండీలకు దూరంగా ఉంచాలి. ఇది అపనమ్మకం కాదు, మొక్క ఎవరిచ్చినా పురుగు వెంట రావచ్చు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్ళు ఒకరికొకరు కరివేపాకు మొక్కలు ఇచ్చుకోవడం ఎంతో ఇష్టపడతారు. కానీ కాలిఫోర్నియా, ఫ్లోరిడా, టెక్సస్‌ల్లోని క్వారంటైన్ ప్రాంతాల నుంచి ఆ మొక్కను బయటికి తీసుకుపోవడంపై అక్కడ కట్టుబాట్లున్నాయి. కరివేపాకు మీద బతికే సిల్లిడ్ అనే చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోసుకెళుతుంది. ఒక పెరటి మొక్క ఒక రాష్ట్రపు తోటలను ముంచగలదని అక్కడి ప్రభుత్వాలు ఈ కట్టుబాట్లు పెట్టాయి. మన దగ్గర అలాంటి కట్టుబాటు లేదు. అందుకే మన జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది. కొత్త మొక్క వచ్చిన రోజే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పడేలా కొట్టండి.

ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు

ప్రతి మార్పిడిలోనూ ఒకరిద్దరు ఏమీ తేకుండా వస్తారు. దూరంగా నిలబడి చూస్తుంటారు. వాళ్ళను ముందు పిలవండి. ఏమీ తేలేదని వాళ్ళు నొచ్చుకోకముందే చేతిలో రెండు మొక్కలు పెట్టండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. లెక్కకు లెక్క సరిపోవాలనుకునే చోట కొత్తవాళ్ళు నిలవరు. కొత్తవాళ్ళు లేని గుంపు నాలుగేళ్ళలో ముసలిదైపోతుంది. పైగా వాళ్ళ దగ్గర ఏమీ లేదనుకోవడం మన తొందరపాటు. ఒకరింట్లో కొబ్బరి పీచు కుప్పగా పడి ఉంటుంది. ఒకరికి కారు ఉంటుంది, ములుగు దాకా వెళ్ళి కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయంలో విత్తనం గురించి అడిగి రాగలరు. ఇంకొకరి నాయన ఊళ్ళో కూరగాయలు పండించినవాడు, ఆయన్ను ఒక ఆదివారం తీసుకొస్తే గంటసేపు విని నేర్చుకోవచ్చు.

అడగడం కూడా రావాలి. ఇవ్వడం వచ్చినవాళ్ళలో చాలామందికి అడగడం చేతకాదు. అలియాబాద్, మజీద్‌పూర్, లాల్‌గడి మలక్‌పేట వైపు పోతుంటే రోడ్డు పక్కన గంపలు పెట్టుకుని కూరగాయలు అమ్మే ఆడవాళ్ళు కనబడతారు. బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోగా ఉన్న కాయ అది, లేదా సొంత మడిలోది. ఆగి, బేరం ఆడకుండా కొని, ఆ తర్వాత అడగండి.

"అవ్వా, ఈ వంకాయ విత్తనం ఇంటిదేనా?"

"ఇంటిదే బిడ్డా. మా అత్త కాలం సంది పెడుతున్నం. ముచ్చికకు ముండ్లుంటయి, పైలంగ కొయ్యాలె."

"రెండు పండు కాయలు విత్తనానికి ఉంచుతవా? పైసలిస్త."

"పైసలెందుకు బిడ్డా. వచ్చే వారం రా, చెట్టుకే ఉంచుత."

ఆ వచ్చే వారం మీరు ఖాళీ చేతులతో పోకూడదు. మీ మధ్య వరుసలోంచి ఆరు కాలీఫ్లవర్ మొక్కలు పట్టుకెళ్ళండి. పైసలు వద్దన్న మనిషికి మొక్కలు ఇస్తే సంతోషంగా తీసుకుంటుంది. ఆమె మడిలో అవి మీ కుండీలోకంటే బాగా ఎదుగుతాయి కూడా. ఈ ఊళ్ళలో పొలాలు తగ్గిపోతున్నాయి. ఆ అవ్వ మడి ప్లాట్లయిన రోజు ఆ ముళ్ళ వంకాయ మీ మిద్దె మీద, మీరిచ్చిన మరో నాలుగు మిద్దెల మీద బతికి ఉండాలి. విత్తనం ఇలా చేతులు మారడం మన చట్టం కూడా ఒప్పుకున్న హక్కే. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు తన పంట విత్తనాన్ని దాచుకునే, తిరిగి విత్తుకునే, మార్చుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు ఇస్తుంది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడం మాత్రం కుదరదు.

ఈ పనిని పెద్ద ఎత్తున చేసి చూపినవాళ్ళు మనకు దూరంలో లేరు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఊరూరా విత్తన నిధులు పెట్టుకున్నాయి. సంక్రాంతి వేళ ఎడ్లబండ్ల మీద పాత పంటల విత్తనాలు అలంకరించి ఊళ్ళు తిరిగే పాత పంటల జాతర వాళ్ళదే. ఎక్కువమంది చిన్న కమతాల దళిత మహిళలు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు వచ్చింది. మన జిల్లాలోనే నారపల్లిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి తన ఇంటి మిద్దె మీద కూరగాయల తోట పెంచి, ఆ అనుభవాన్ని 'మిద్దెతోట' పేరుతో పుస్తకంగా తెచ్చారు. ఒక ఇంటి మిద్దె ఎంత పండించగలదో తెలియాలంటే అది చదవండి.

నాటిన తర్వాత

ఇచ్చిన మొక్క గురించి ఇచ్చినవాళ్ళు రోజూ అడగకూడదు. అది పరీక్షలా ఉంటుంది. తీసుకున్నవాళ్ళే రెండు వారాలకొకసారి చెప్పాలి. బతికితే బతికిందని, పోతే పోయిందని. పోయిందని చెప్పడానికి మొహమాటపడి ముఖం చాటేసేవాళ్ళు చాలామంది. ఒక మిరప మొక్క ఎండిపోయినందుకు మెట్ల దగ్గర ఎదురుపడకుండా తప్పుకునే స్థితి ఎందుకు? ఆ మొహమాటం ఇచ్చినవాళ్ళే ముందుగా తీసేయాలి. మొక్క చేతిలో పెట్టేటప్పుడే "పోతే చెప్పండి, ఇంకో రెండు ఉంచాను" అనండి. నిజంగానే ఉంచండి. మీ వంతు నారులోంచి రెండు మొక్కలు పేపర్ కప్పుల్లోకి మార్చి మూడు వారాలు పక్కన పెట్టుకుంటే చాలు. నాటిన మొదటి వారంలోనే ఎక్కువ మొక్కలు పోతాయి. వెంటనే మరోటి దొరికితే ఆ ఇంట్లో ఆ కుండీ ఖాళీగా ఉండదు.

కాపు మొదలయ్యాక విత్తనం మీద దృష్టి పెట్టాలి. అందరూ ఆఖరికి మిగిలిన, ఎవరూ తినని గిడసబారిన కాయను విత్తనానికి వదిలేస్తారు. విత్తనానికి ఉంచవలసింది ఆరోగ్యంగా ఉన్న మొక్క మీది రెండో, మూడో కాపులోని మంచి కాయ. దానికి ఒక రంగు దారం కట్టండి, ఇంట్లోవాళ్ళు కూరకు కోసేయకుండా. వంకాయ చెట్టు మీదే పసుపురంగుకు తిరిగి మెత్తబడాలి. టమాట బాగా పండాక గుజ్జు పిండి, ఒక గ్లాసులో రెండు రోజులు పులియనిచ్చి, పైన తేలిన తెట్టు పారబోసి, అడుగున దిగిన విత్తనాన్ని కడిగి నీడలో ఆరబెట్టాలి. మిరపలో పక్క రకాలతో పరాగం సులువుగా కలుస్తుంది, కాబట్టి ఒకే రకం ఉన్న మిద్దె మీది విత్తనాన్నే నమ్ముకోండి.

ఆరిన విత్తనాన్ని మూడు పొట్లాలు చేయండి. ఒకటి మీకు, ఒకటి ఈ ఏడు కొత్తగా చేరినవాళ్ళకు. మూడోది మొదట మీకు నారిచ్చిన ఇంటికే తిరిగి పంపండి. వాళ్ళ దగ్గర ఉండే ఉంటుందిలే అనుకోకండి. చలికాలంలో ఊరెళ్ళి ఉండవచ్చు, కోతులు పడి మొక్కలు పీకేసి ఉండవచ్చు, ఇల్లు మారే తొందరలో కుండీలు వదిలేసి ఉండవచ్చు. రకం పేరు, తేదీ, మొదట ఏ ఇంటి నుంచి వచ్చిందో పొట్లం మీద రాసి, ఎండిన వేపాకు రెండు లోపల వేసి ఇవ్వండి.